మన్యం భూమికి ఊరి మాట



ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, ఏ సంఘం ఎంత కట్టింది, ఎంత బాకీ ఉంది అన్నవే ఎక్కువ ఉంటాయి. ఈసారి ఒక చరిత్ర వ్యాసం కూడా ఉండాలని మీటింగులో అనుకున్నాం, ఆ పని నాకు అప్పజెప్పారు. నేను పదో తరగతి వరకు చదివినదాన్ని. అందుకని తెలిసింది తెలిసినట్టు, మనం మాట్లాడుకున్నట్టే రాస్తున్నాను.

నేను ఎంచుకున్నది మన్యం భూముల సంగతి. ఏ భూమిని దేనికి వాడాలి అన్నది అక్కడి ఊళ్ళు చెప్పాలా, పైనుంచి ఎవరో చెప్పాలా అన్న గొడవ, అది ఎలా మొదలైంది, ఎక్కడిదాకా వచ్చింది అన్న కథ. సింహాచలంలో కూర్చుని కొండల మీద సంగతి మనకెందుకు అని కొందరు అడగొచ్చు. కుళాయి తిప్పితే జవాబు దొరుకుతుంది. విశాఖపట్నం తాగే నీళ్ళలో కొంత తాటిపూడి జలాశయం నుంచి వస్తుంది. తాటిపూడికి నీళ్ళు తెచ్చేది గోస్తనీ నది. గోస్తనీ పుట్టేది అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల్లోంచి పారి కిందకి దిగుతుంది. రైవాడ జలాశయం నీళ్ళు శారదా నదివి, అవీ ఆ వరస కొండల నుంచి దిగినవే. ఆ కొండ మీద అడవి ఉంచుతారా, కాఫీ వేస్తారా, గని తవ్వుతారా అన్న నిర్ణయం చివరికి మన బిందె దాకా వస్తుంది.

రాజులు, దొరలు రాకముందు మన్యంలో భూమికి ప్లాను లేదని అనుకోకూడదు. కాగితం మీద లేదు, అంతే. గెడ్డ పక్కన పల్లం భూమిలో వరి. మెట్టున చోళ్ళు, సామలు, వలిసెలు. కొండవాలున పోడు, అంటే చెట్టూ చేమా కొట్టి కాల్చి, రెండు మూడేళ్ళు పండించి, తరవాత ఆ చోటు వదిలేసి ఇంకో చోటికి పోవడం. వదిలిన చోట మళ్ళీ అడవి లేస్తుంది. గ్రామదేవత ఉన్న చెట్ల జోలికి ఎవరూ వెళ్ళరు. కొత్తల పండగ చేసేదాకా కొత్త పంట నోట పెట్టరు. ఏ ఇంటివాళ్ళు ఏ వాలున పోడు కొట్టాలో ఊరి పెద్దలు కూర్చుని చెప్పేవారు. ఆ పెద్దల్లో ఆడవాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, దాదాపు లేరనే చెప్పాలి. అది కూడా రాయాలి కదా, పాతదంతా బంగారం అని రాసేస్తే చరిత్ర అవదు.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకు విడిగా ఒక చట్టం చేశారు. మామూలు కోర్టులు, మామూలు రూల్సు అక్కడ చెల్లవు, కలెక్టరే గవర్నరుకి ఏజెంటుగా పాలిస్తాడు అని దాని సారం. మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అని పిలవడం ఆ ఏజెంటు వల్లే వచ్చింది. అరకు బస్సెక్కేటప్పుడు ఏజెన్సీకి వెళ్తున్నాం అంటాం గానీ ఆ మాట ఎక్కడిదో నాకు కూడా ఈ వ్యాసం కోసం చదివినప్పుడే తెలిసింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశారు, పోడుకి అడ్డం పెట్టారు. నిన్నటిదాకా ఊరు వాడుకున్న వాలు ఇవాళ సర్కారు అడవి అయిపోయింది. దానికి తోడు రోడ్ల పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా వెట్టి చేయించేవారు. అల్లూరి సీతారామరాజు వెనకాల మన్యం జనం 1922 నుంచి 1924 దాకా తిరగబడడానికి ఇవే ముఖ్య కారణాలు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళ్ళడం మనకి సినిమాల్లో తెలుసు. కానీ ఆ తిరుగుబాటు అడుగున ఉన్నది భూమి, అడవి. ఈ వాలు ఎవరిది అన్న ప్రశ్నే.

తిరుగుబాటుకి ముందే 1917లో ఒక చట్టం వచ్చింది. ఇది మన సంఘాల వాళ్ళందరూ తెలుసుకోవాల్సింది. దాని పేరులోనే వడ్డీ, భూమి బదిలీ అన్న రెండు మాటలూ కలిపి ఉన్నాయి. ఎందుకంటే కొండ మీద భూమి పోయేది ఎక్కువగా వడ్డీ దారిలోనే. కింద నుంచి వెళ్ళిన షావుకారు ఉప్పు, బట్ట, పెళ్ళి ఖర్చుకి డబ్బు అప్పు పెడతాడు. వడ్డీ కట్టలేక చివరికి పల్లం భూమి వాడికి పోతుంది. అందుకని ఆ చట్టంలో సాలుకి నూటికి 24 కన్నా ఎక్కువ వడ్డీ ఇప్పించకూడదని, మొత్తం వడ్డీ అసలు దాటకూడదని పెట్టారు. అంటే నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, మన సంఘాల్లో చాలామందికి చేతి మీద లెక్క. ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరులకి బదిలీ చేస్తే చెల్లదు అని కూడా అందులోనే ఉంది. చట్టం మంచిదే. కానీ అనుమతి ఇచ్చేది ఏజెంటు, ఊరు కాదు. ఊరి మాట అప్పటికి లెక్కలో లేదు.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు పెట్టారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి బదిలీ ఆపడానికి గవర్నరు విడిగా రెగ్యులేషన్లు చెయ్యొచ్చు. మన రాష్ట్రంలో 1959లో ఒకటి చేశారు, దాన్ని గట్టిగా మార్చింది 1970లో. దాన్నే అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు, 1970లో వచ్చిన మొదటి రెగ్యులేషను కాబట్టి. అది చెప్పింది ఏటంటే, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి దగ్గర భూమి ఉందంటే అది గిరిజనుల నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. దీని మీద కోర్టుకెళ్ళారు. 1988లో సుప్రీంకోర్టు ఈ రెగ్యులేషను సరైనదే అని చెప్పింది.

అయినా కన్నాలు వెతికేవాళ్ళు వెతుకుతారు. అందులో ఒకటి ఆడదాని పేరు మీద నడిచేది. గిరిజన అమ్మాయిని పెళ్ళాడో, పెళ్ళాడినట్టు చెప్పుకునో, ఆమె పేరు మీద భూమి పెట్టి, అనుభవించేది ఇంకొకరు. కాగితంలో ఆమె యజమాని, ఆ కాగితం ఎలా ఉంటుందో కూడా ఆమె చూసి ఉండదు. మన దగ్గర కూడా ఆడవాళ్ళ పేరు మీద అప్పు తీసి వాడుకునేది ఇంకొకరు అయిన సందర్భాలు మనకి తెలియనివా.

ఇక్కడ కొంచెం కిందకి దిగి మన ఊరి వైపు చూడాలి. కొండ మీద వన్ ఆఫ్ సెవెంటీ వచ్చిన రోజుల్లోనే కింద ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. 1966లో ఉద్యమం నడిచింది, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు, ఇరవై వేల ఎకరాల పైచిలుకు భూమి పోయింది. ఉద్యోగాలు వచ్చాయి, ఊరు పెరిగింది, దాన్ని కాదనలేం. కానీ ఆ 64 ఊళ్ళలో ఎక్కడైనా ఊరందరినీ కూర్చోబెట్టి మీకు సమ్మతమేనా అని అడగాలని ఆనాడు ఏ చట్టమూ చెప్పలేదు. అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది. నోటీసు ఇవ్వడం, నష్టపరిహారం లెక్కగట్టడం, అంతవరకే. ఆర్ కార్డులు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన కుటుంబాలు ఇంకా మన చుట్టూ ఉన్నాయి.

మన పంచగ్రామాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. దేవుడి భూమి అని ఒక పక్క, తరాల నుంచి ఉంటున్న ఇల్లు అని ఇంకో పక్క, మధ్యలో కోర్టులు. ఎవరిది ఒప్పు ఎవరిది తప్పు అన్నది ఈ వ్యాసంలో తేల్చేది కాదు. నేను చెప్పేది ఒక్కటే. ఇల్లు ఉండీ కాగితం గట్టిగా లేకపోతే బ్యాంకులో ఎలా ఉంటుందో, కూతురి పెళ్ళికి ఎలా ఉంటుందో మనకి తెలుసు కాబట్టి, కొండ మీద వాళ్ళ బాధ మనకి తొందరగా అర్థమవ్వాలి.

ఇప్పుడు బొర్రాకి వద్దాం. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల 14 గ్రామాలున్న షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చారు. భూమి గిరిజనేతరులకి అమ్మకూడదు సరే, కానీ సర్కారే లీజుకిస్తే? సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టుకెళ్ళింది. అక్కడ తేలాల్సింది వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది: సర్కారు ఒక 'వ్యక్తి' అవునా కాదా? రెగ్యులేషనులో 'ఏ వ్యక్తీ గిరిజనేతరులకి భూమి బదిలీ చెయ్యకూడదు' అని ఉంది. సర్కారు వ్యక్తి కాదు కాబట్టి మాకు వర్తించదు అని రాష్ట్రం వాదన. 1997 జులై 11న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, వ్యక్తి అంటే సర్కారు కూడా అందులోకే వస్తుందని చెప్పారు. ప్రైవేటు కంపెనీలకిచ్చిన లీజులు చెల్లవు. తవ్వాలంటే ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చు. వచ్చిన నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్ళు, బడులు, ఆసుపత్రులు, రోడ్లకి పక్కన పెట్టాలి. మూడో జడ్జి ఒప్పుకోలేదు, తీర్పులో ఆయన మాటా ఉంది.

ఆ తీర్పు దేశమంతా పేరు పొందింది. మన గోస్తనీ పుట్టే చోట పుట్టిన తీర్పు అది. విశాఖపట్నంలో ఎంతమందికి తెలుసో మరి.

తీర్పుకి ఏడు నెలల ముందు, 1996 డిసెంబరులో, పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. అందరూ 'పీసా' అంటారు. పంచాయతీరాజ్ వ్యవస్థని షెడ్యూల్డు ప్రాంతాలకి విస్తరించే చట్టం. ఇందులో మొదటిసారి గ్రామసభ అన్నది చట్టం నడిమధ్యకి వచ్చింది. గ్రామసభ అంటే సర్పంచి, వార్డు మెంబర్లు కాదు, ఓటరు లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరూ. ఇంట్లో వంట చేసుకునే కోడలు కూడా. మన రాష్ట్రంలో దీనికి అనుగుణంగా 1998లో పంచాయతీరాజ్ చట్టం మార్చారు, కానీ పని చేయించే రూల్సు వచ్చింది 2011లో. మధ్యలో పదమూడేళ్ళు. ఆ ఆలస్యానికి నాకు కారణం ఏమీ కనపడలేదు, పట్టించుకునేవాళ్ళు లేకపోవడం తప్ప.

పీసాలో ఒక చిక్కుంది. భూమి సేకరించే ముందు గ్రామసభని గానీ పంచాయతీని గానీ 'సంప్రదించాలి' అని ఉంది. సంప్రదించడం వేరు, సమ్మతి తీసుకోవడం వేరు. మన సంఘంలో అయితే పదిమందీ కూర్చుని తీర్మానం రాసి సంతకాలు పెడితే గానీ అప్పు పాస్ కాదు. లీడరు వచ్చి 'మీ అందర్నీ అడిగాను కదా' అని చెప్పి, ఎవరేం చెప్పినా తన పని తాను చేసుకుపోతే దాన్ని మనం తీర్మానం అంటామా? ఆ తేడా 2013 భూసేకరణ చట్టంలో కొంత సర్దారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని అందులో రాశారు.

ఆడవాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యమైనది 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగు చేసుకుంటున్న అడవి భూమికి, నాలుగు హెక్టార్ల వరకు, పట్టా ఇస్తారు. పెళ్ళైనవాళ్ళకి ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. అమ్మడానికి వీల్లేదు, పిల్లలకి వస్తుంది. దరఖాస్తులు చూసే అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్ళుండాలి. గ్రామసభ చెల్లాలంటే సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. ఇది మర్యాదకి రాసిన మాట కాదు, 2012లో సవరించిన రూల్సులో ఉంది. ఆడవాళ్ళు రాకపోతే ఆ సభకి కోరం లేనట్టే.

ఈ చట్టంలోనే ఊరికి సామూహిక హక్కు కూడా ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవి మీద ఊరందరికీ కలిపి హక్కు ఇస్తారు, దాన్ని ఎలా కాపాడాలో, ఎక్కడ మేపాలో, ఎక్కడ కొట్టకూడదో గ్రామసభ కమిటీ ప్లాను రాసుకోవచ్చు. పాత రోజుల్లో పెద్దలు నోటితో చెప్పిన ప్లాను ఇప్పుడు చట్టం ఒప్పుకున్న కాగితం అయ్యింది. పైగా ఇప్పుడు ఆ సభలో ఆడవాళ్ళు ఉండి తీరాలి. నా ఉద్దేశంలో ఇదే పెద్ద మార్పు. ఎందుకంటే అడవిలో రోజూ తిరిగేది వాళ్ళే. చింతపండు, కొండ చీపుళ్ళు, అడ్డాకులు, కుంకుడుకాయలు ఏరేది వాళ్ళు. ఏ ఊట ఏ నెలలో ఎండిపోతుందో బిందె మోసేవాళ్ళకి తెలిసినట్టు మగవాళ్ళకి తెలీదు.

కాగితం మీద ఉన్నది ఊళ్ళో ఉండకపోవచ్చు, అదీ చెప్పాలి. ఒక ట్రైనింగులో నా పక్కన ఏజెన్సీ నుంచి వచ్చిన సంఘం చెల్లెలు కూర్చుంది. వాళ్ళ ఊళ్ళో ఒకసారి గ్రామసభ సంత రోజున పెట్టారట. ఆడవాళ్ళందరూ సంతకి వెళ్ళిపోయారు. సాయంత్రం తిరిగొచ్చాక ఇంటింటికీ పుస్తకం పట్టుకొచ్చి వేలిముద్రలు వేయించుకున్నారు. దేనికని అడిగితే రోడ్డు కోసం అన్నారట. 'మా అత్త మాత్రం వెయ్యలేదక్కా, చదివి వినిపిస్తేనే వేస్తాను అంది' అని నవ్వింది. ఏ ఊరో, ఎవరో ఇక్కడ రాయను. మన సంఘాల్లో చదవకుండా సంతకం పెట్టొద్దని మనం ఇరవై ఏళ్ళుగా నేర్చుకున్నది అక్కడ ఇంకా ఎక్కువ అక్కరకొస్తుంది.

గ్రామసభ మాట నిజంగా చెల్లిన చోటు మన పక్కనే ఉంది. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి కొండ. డోంగ్రియా కోదుల కొండ అది, వాళ్ళ దేవుడు నియమరాజు ఉండే చోటు. అక్కడ బాక్సైటు తవ్వాలని కంపెనీ, సర్కారు అనుకున్నాయి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గ్రామసభల్నే అడగండి అంది. 12 ఊళ్ళలో సభలు పెట్టారు. ఒక్కో సభకీ ఒక జిల్లా జడ్జి వచ్చి కూర్చున్నారు. 12 ఊళ్ళూ వద్దన్నాయి. గని రాలేదు.

మన వైపు కూడా బాక్సైటు గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల వైపు 1,212 హెక్టార్ల అటవీ భూమిని గనులకి ఇస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. ఏజెన్సీ అంతా లేచింది. మన పట్నంలో కూడా ధర్నాలు జరిగాయి. ముందు దాన్ని పక్కన పెట్టారు, తరవాత వచ్చిన ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. నియమగిరికి, దీనికి తేడా గమనించండి. అక్కడ ఆపింది ఊళ్ళ తీర్మానం. ఇక్కడ ఆపింది ఆందోళన, ఎన్నికలు. జీవో రద్దు చేసిన చెయ్యి ఇంకో జీవో కూడా రాయగలదు. తీర్మానం అలా కాదు.

ప్రపంచంలో ఇంకా ముందుకెళ్ళిన చోట్లు ఉన్నాయి. కెనడా దేశం ఉత్తరాన యూకాన్ అని ఒక ప్రాంతం ఉంది. అక్కడి మూలవాసులకి గ్రామసభ కాదు, ఏకంగా సొంత ప్రభుత్వాలే ఉన్నాయి. 1993లో వాళ్ళకీ, సర్కారుకీ ఒప్పందం కుదిరింది. భూమి వాడకం ప్లాను ఇద్దరూ కలిసి వేసిన కమిషను తయారు చెయ్యాలి. పీల్ అనే నదీ ప్రాంతం, దాదాపు 67,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదింట రెండు వంతులంత. కమిషను ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి 2011లో నూటికి 80 వంతులు కాపాడాలని ప్లాను ఇచ్చింది. 2014లో అక్కడి ప్రభుత్వం ఆఖరి నిమిషంలో దాన్ని 29 వంతులకి దించి తన ప్లాను తాను పెట్టుకుంది. మూలవాసులు కోర్టుకెళ్ళారు. 2017లో కెనడా సుప్రీంకోర్టు, కలిసి చేసిన ప్లానుని ఒకరే చివర్లో మార్చెయ్యడం కుదరదని కొట్టేసింది. 2019లో కొత్త ప్లాను మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు, అందులో కాపాడే భాగం 83 వంతులు. వాళ్ళ బలం వేరు. ఒప్పందంలో ఇద్దరూ సమానంగా కూర్చున్నారు. మన మన్యంలో గిరిజనులకి అలాంటి సొంత ప్రభుత్వం లేదు. సలహా మండలి ఉంది, ఐటీడీఏ ఉంది. కానీ ఊరు తన నోటితో మాట్లాడగలిగేది ఒక్క గ్రామసభలోనే.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. మన పాత విశాఖ జిల్లా ఏజెన్సీ మండలాలు 11 అందులోకి వెళ్ళిపోయాయి. జిల్లా వేరయ్యింది గానీ గెడ్డలు వేరవ్వలేదు. ఇప్పుడు అక్కడ బాక్సైటు మాట తగ్గి, కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి నీళ్ళు ఎక్కించి దించి కరెంటు తీసే ప్రాజెక్టుల మాట వినపడుతోంది. కొన్ని ఊళ్ళు వద్దంటున్నాయి, ఉద్యోగాలు వస్తాయని అనేవాళ్ళూ ఉన్నారు. ఏ ఊరు ఏమనుకుంటుందో ఆ ఊరి ఇష్టం. కాకపోతే చట్టప్రకారం ఆ మాట సభలో, సగం మంది ముందు, మూడో వంతు ఆడవాళ్ళ ముందు రావాలి. అలా వచ్చిందా లేదా అన్నది అడగడానికి మనం గిరిజనులమే అయ్యుండక్కర్లేదు. ఆ నీళ్ళు మనం కూడా తాగుతున్నాం.

ఒక్క సంగతి మిగిలింది. ఐదో షెడ్యూలు గీత కొండల మీదే ఆగిపోయింది. అనకాపల్లి జిల్లాలో కొండ దిగువన, రోలుగుంట, రావికమతం, దేవరాపల్లి లాంటి మండలాల్లో గిరిజనులున్న ఊళ్ళు ఆ గీతకి ఇవతల ఉన్నాయి. మనుషులు అవతల ఉన్నవాళ్ళ బంధువులే, చేసే సాగు అదే, ఏరే అడ్డాకు అదే. అయినా అక్కడ వన్ ఆఫ్ సెవెంటీ లేదు, పీసా లేదు. అటవీ హక్కుల చట్టం ఒక్కటే వర్తిస్తుంది. మా ఊళ్ళని కూడా షెడ్యూలులో చేర్చండి అని వాళ్ళు ఏళ్ళుగా అర్జీలు పెడుతున్నారు, పాదయాత్రలు చేస్తున్నారు. ఆ గీత ఇంకా అక్కడే ఉంది.